కొరోఫిన్ దారిలో రెండో కారు

ఆ ఉత్తరం వచ్చిన రోజు ఐర్లాండ్‌లోని ఎన్నిస్ ఊళ్ళో ఎండ కాస్తోంది. ఆశ్రిత బస్టాపులో నిలబడి ఫోన్లో దాన్ని మూడుసార్లు చదివింది. లిమరిక్ బస్సు వచ్చి ఆమె ఎదురుగానే ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్ళిపోయింది. ఆమె గమనించలేదు.

ఉత్తరం రాసినవాడు ఒక జర్నల్ సంపాదకుడు. వాహనాల సాంకేతికత మీదా, వైర్‌లెస్ సమాచారం మీదా వచ్చే పత్రిక అది. ఆమె పని చేసే రంగంలో అందులో పేరు పడితే మనిషికి ఒక చిరునామా దొరికినట్టు. ఆశ్రిత తన వ్యాసం పంపి తొమ్మిది నెలలైంది. ఒకసారి తిప్పి పంపారు. పద్దెనిమిది పేజీల జవాబులు రాసి మళ్ళీ పంపింది. ఇప్పుడు స్వల్ప సవరణతో తీసుకుంటామంటున్నారు. వ్యాసాన్ని చదివి తీర్పు చెప్పే సమీక్షకులు ముగ్గురు. వాళ్ళెవరో రాసినవాళ్ళకు తెలియనివ్వరు. ఒకటో ఆయనకు అభ్యంతరం లేదు, మూడో ఆయనకూ లేదు. రెండో సమీక్షకుడికి మాత్రం ఒక్క సందేహం మిగిలింది.

‘వానరోజున సందేశాలు ఇంతగా పడిపోవడానికి తడిసిన రాయీ, తడిసిన ఆకూ చాలవని నా అనుభవం. తప్పని అనడం లేదు. అదే దారిలో మరొక్క వానరోజు కొలిచి చూపిస్తే నాకు తృప్తి. ఇంకొక చిన్న ప్రశ్న. గోడల మీదికి పెరిగిన ఆ కంచె ఏ మొక్కది, హాథార్నా? వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు.’

గడువు నలభై అయిదు రోజులు.

ఆశ్రిత పని చెప్పడానికి సులువే. సిద్దిపేట బస్ డిపోలో మెకానిక్కుగా చేసే వాళ్ళ నాన్నకు ఆమె ఇలా చెప్పింది: "రెండు కార్లుంటయి నాన్నా. ఒక్కోటి సెకనుకు పదిసార్లు రేడియోల చెప్తుంటది, నేనీడున్న, గింత స్పీడుల వస్తున్న అని. మలుపు అవతల కారున్నది కండ్లకు కనబడకముందే ఇవతల కారుకు తెలుస్తది." నాన్న కాసేపు ఆలోచించి, "హారన్ కొడితే అయిపాయె గద బిడ్డా" అన్నాడు. ఆ మాట తలుచుకుని ఆమె ఒక్కతే గదిలో రెండు రోజులు నవ్వుకుంది.

ఎన్నిస్ ఉన్న క్లేర్ కౌంటీలో పల్లెదారులు సన్నగా ఉంటాయి. రెండు వైపులా సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, వాటి మీదికి గుబురుగా ముళ్ళకంచె. ఎదురుగా ఏమొస్తోందో తెలియదు. అలాంటి దారిలో కార్ల మాట కార్లకు ఎంత వినబడుతుంది అన్నదే ఆమె ప్రశ్న. పోయిన మే నెలలో కొరోఫిన్ ఊరు దాటాక ఒక నాలుగు కిలోమీటర్ల దారిలో కొలిచింది. ఎండరోజున అక్కడి పెద్ద మలుపు దగ్గర నూటికి తొంభై నాలుగు సందేశాలు అందాయి. వానరోజున అదే మలుపులో ముప్పై ఒకటే అందాయి. వ్యాసమంతా ఆ ముప్పై ఒకటి మీదే నిలబడింది.

ఆమె కూడా దాని మీదే నిలబడింది. ప్రాజెక్టు అక్టోబర్ ఆఖరుకు అయిపోతుంది. ప్రొఫెసర్ డొనాల్ మరో మూడేళ్ళ ప్రాజెక్టుకు దరఖాస్తు రాస్తున్నాడు. "ఆ పేపర్ అచ్చయి ఉంటే దాంట్లో నీ పేరు పెట్టడం నాకు చాలా తేలిక. లేకపోతే కష్టం," అని ముందే చెప్పేశాడు. ఉద్యోగం లేకపోతే పర్మిట్టు లేదు, పర్మిట్టు లేకపోతే ఐర్లాండే లేదు.

రెండు కార్ల పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఆశ్రిత దగ్గర ఎప్పుడూ ఉన్నది ఒక్క మనిషే, తను.

అందుకే నిరుడు ఎన్నిస్‌లోని ఇండియన్ సరుకుల కొట్టులో, బియ్యం బస్తాల పైనున్న బోర్డుకు ఒక కాగితం అంటించింది. ‘కారు ఉన్నవారు కావలెను. శనివారాలు. పరిశోధనకు సాయం.’ నెలరోజుల్లో ఒక్క ఫోన్ వచ్చింది.

"ఏమ్మా, పేరు చూసి తెలుగుపిల్లవని చేశా. నా పేరు కృపారావు. మాది చీరాల. కారు పాతదైనా మాట వింటది."

కృపారావు ముసలివాళ్ళను చూసుకునే నర్సింగ్ హోములో కేరర్. రాత్రి డ్యూటీ. భార్య విజయరాణి ట్రాలీ అనే ఊళ్ళో నర్సు, వారంలో నాలుగు రోజులు అక్కడే గది తీసుకుని ఉంటుంది. కూతురు అబిగేయిల్ తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో, అదీ ఒక్క ముక్కలో జవాబు చెబుతుంది. కృపారావు యాభై దాటిన మనిషి. శనివారం వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు కడుక్కుని వచ్చేవాడు. ఆశ్రిత ఆయన కారు పైకప్పు మీద అయస్కాంతం అడుగున్న చిన్న నల్ల యాంటెన్నా అతికించి, తీగ కిటికీలోంచి లోపలికి వదిలి, పెట్టెకు తగిలించి, "మెసేజ్ పెడతా అంకుల్" అని తన కారులోకి వెళ్ళిపోయేది. ఆ తర్వాత నాలుగు గంటలు ఫోన్లో ‘గో’ అని ఒకటి, ‘స్టాప్’ అని ఒకటి. అంతే. పని అయ్యాక ఆయనే యాంటెన్నా పీకి, తీగ చుట్ట చుట్టి తెచ్చి ఇచ్చేవాడు. వానరోజున కూడా అది పొడిగా ఉంది. తుడిచి ఇచ్చాడు కాబోలు, ఎంత పద్ధతైన మనిషో అనుకుంది.

ఐర్లాండ్‌లో వాన కోసం ఎదురుచూసిన మనిషి ఆ ఏడు ఆశ్రిత ఒక్కతే అయ్యుంటుంది. తుంపరలు పనికిరావు. నిరుటి లాగా కుండపోతే కావాలి. మే రెండో సగమంతా ఎండ. ఇంటి ఓనరు నూలా ప్రతి ఉదయం వంటగది కిటికీ తెరిచి, "గ్రాండ్ డే, దేవుడి దయ" అనేది. ఆశ్రిత ఆకాశం వైపు చూసి, చచ్చినట్టు "గ్రాండ్" అనేది. సాయంత్రాలు గోడకున్న కేలెండర్ మీద గళ్ళు కొట్టేసేది. ఇరవై మూడు గళ్ళు పోయాయి.

మధ్యలో కృపారావు దగ్గర్నుంచి వాయిస్ మెసేజులు వచ్చేవి. "అమ్మా, ట్రాలీలో దంచుతోందంట, మీ ఆంటీ చెప్పింది. సాయంత్రానికి మన మీదకొస్తదేమో చూడు." వచ్చేది కాదు. "అమ్మా, మా హోములో తొంభై ఏళ్ళ ముసలాయన మోకాలు నొప్పంటున్నాడు. ఆయన మోకాలు తప్పదంట, రేపు వాన గ్యారంటీ." మోకాలు కూడా తప్పింది. ఆశ్రిత వాటికి బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టేది. ఏం మాట్లాడాలో ఆమెకు తెలిసేది కాదు. ఈ దేశం వచ్చి రెండేళ్ళలో ఆమె నోటి మాటలు తగ్గి, రాత పెరిగింది.

జూన్ మొదటి శనివారం పొద్దున్నే వాన అందుకుంది.

ఎన్నిస్ కార్‌పార్కులో, చెట్టు కింద, యాంటెన్నాలు బిగించి ఇద్దరూ బయలుదేరారు. ముందు ఆమె, వెనక ఆయన. కొరోఫిన్ దాటేసరికి వైపర్లు ఎంత కొట్టుకున్నా అద్దం కనబడడం లేదు. దారి మొదట్లో ఆపి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, దానికి తువ్వాలు కప్పి అన్నీ సరిచూసుకుంది. వెనక అద్దమంతా ఆవిరి. ఆయన కారు లైట్లు రెండు పసుపు మచ్చల్లా కనిపిస్తున్నాయి. ‘గో’ అని పంపింది.

ఆరుసార్లు అటూ ఇటూ తిరిగారు. ఆరోసారి అయ్యాక లెక్క కట్టి చూసుకుంది. మలుపు దగ్గర ఇరవై తొమ్మిది.

నిరుడు ముప్పై ఒకటి, ఇప్పుడు ఇరవై తొమ్మిది. ఇంతకన్నా చక్కగా కలవమన్నా కలవవు. ఆశ్రిత రెండు చేతులతో మొహం కప్పుకుంది. అచ్చయిపోయింది, ఇక అచ్చయిపోయినట్టే. అక్టోబర్ భయం పోయింది. ఆ సంతోషం ఎవరికైనా చెప్పాలనిపించి చుట్టూ చూస్తే కారులో తనొక్కతే ఉంది. ఫ్లాస్కులో చాయ్ ఉంది. ఏ రోజూ చేయని పని చేసింది. హుడ్డు తల మీదికి లాక్కుని, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, వానలో వెనక కారు దగ్గరకు నడిచింది.

ఆయన కారు పైకప్పు మీద యాంటెన్నా కనబడలేదు. దాని చోట పిడికిలంత పొట్లం ఒకటుంది. పైన ప్లాస్టిక్ కవరు, చివర్లు మడిచి టేపు వేసిన తీరు ఆసుపత్రి కట్టులా ఉంది. కవరు లోపల ఏదో వెండిలా మెరుస్తోంది.

కృపారావు అద్దం దించాడు. "ఈ రోజు కారు దిగొచ్చావే! రామ్మా, లోపల కూర్చో, తడుస్తన్నావు."

"అంకుల్, ఏందది?"

"ఏది?"

"యాంటెన్నా మీద."

"అదా! తడవకుండా కట్టాలే." ఆయన మొహంలో, మంచి పని ఇన్నాళ్ళకు ఎవరో చూసినప్పటి వెలుగు వచ్చింది. "మా దగ్గర చెయ్యి విరిగినోళ్ళకి స్నానం చేయించేటప్పుడు పిండికట్టు తడవకూడదు గదా, ఇట్టాగే చుడతాం. ఉత్త కవరైతే గాలికి లేచిపోద్ది. లోపల ఫాయిల్ చుడితే ఒంపుకి అతుక్కుని కూర్చుంటది. చపాతీలు చుట్టిన ఫాయిలే, శుభ్రంగా తుడిచాలే."

వాన ఆమె హుడ్డు మీద టపటపా కొడుతోంది.

"నిరుడు గూడనా అంకుల్?"

"మరి? నిరుడు ఇంతకన్నా పెద్ద వాన. నువ్వు నీ ల్యాప్‌టాప్‌కి తువ్వాలు కప్పి బిడ్డని చూసినట్టు చూసుకుంటివి. నీ సామాను నా కారు మీదుంటే నేను చూసుకోవద్దా?" తలుపు తీశాడు. "రీడింగులు బాగా వచ్చినయ్యా?"

"మస్తు వచ్చినయి," అంది ఆశ్రిత. ఫ్లాస్కు ఆయన చేతిలో పెట్టింది. "చాయ్ తాగుండ్రి."

గది చేరాక కూడా ఆమెకు చలి తగ్గలేదు. సంగతి అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. రేకులో చుట్టిన యాంటెన్నా గుడ్డలు కుక్కిన నోరు లాంటిది. తిన్నని దారిలో కార్లు ఒకదానికొకటి కనబడుతుంటాయి కాబట్టి ఆ గొణుగుడు కూడా ఎలాగో అందింది. మలుపు తిరిగి గోడ అడ్డం వచ్చేసరికి చచ్చిపోయింది. అందులో రాయి పనీ లేదు, ఆకు పనీ లేదు, వాన పని అంతకన్నా లేదు. తొమ్మిది నెలలుగా ఆమె సమర్థిస్తూ వచ్చింది చపాతీల ఫాయిల్‌ని.

ఆదివారం కూర్చుని జవాబు రాసింది. ‘సమీక్షకులు సూచించినట్టు అదే దారిలో మరొక వానరోజున కొలతలు తీశాము. ఫలితాలు మొదటివాటితో సరిపోయాయి.’ పక్కనే చిన్న పట్టిక, ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది. మళ్ళీ చదువుకుంది. ఒక్క మాట అబద్ధం లేదు. కొలిచారు, సరిపోయాయి. పంపడానికి ఒక్క నొక్కు చాలు. ఎవరికీ తెలియదు. కృపారావుకు కూడా తెలియదు.

సోమవారం పంపలేదు. సాయంత్రం ఊరికే మొదటి విడత సమీక్షలు తీసి చదివింది. రెండో సమీక్షకుడు అప్పుడు పదకొండు ప్రశ్నలు వేశాడు. ఆమె ఏడో సమీకరణాన్ని తన చేత్తో మళ్ళీ చేసుకుని, ఒకచోట గుర్తు తారుమారైందని పట్టుకున్నాడు. నాలుగో పటం గురించి, ‘ఓపికగా గీసింది’ అని రాశాడు. డొనాల్ ఆ పటాన్ని చూసి ఉంటాడు గానీ ఏమీ అనలేదు. నాన్న వ్యాసం ప్రింటు తీయించి టీవీ మీద పెట్టాడు, చదవలేడు. ఆమె వారం రోజులు కూర్చుని గీసిన పటాన్ని, ఎక్కడో ఏ దేశంలోనో ఒక మనిషి దీపం కింద పెట్టి చూశాడు. కంచె ఏ మొక్కది అని అడిగాడు. ఈ రెండేళ్ళలో ఆమె రోజూ చూసేదాని గురించి అలా అడిగిన మనిషి మరొకరు లేరు.

ఆ ఒక్కడినే ఇప్పుడు మోసం చేయాలి. అంతేకాదు, అచ్చయినదాన్ని నమ్మి రేపు ఎవరో ఒక కారుకు లెక్కలు కడతారు, వాన పడితే ఇది వినబడదు అని. లేని లోపానికి మందు వేస్తారు.

వంటగదిలో నూలా టీ పెట్టుకుంటోంది. "నూలా, కొరోఫిన్ అవతల గోడల మీద తెల్లపూలు పూసే ముళ్ళమొక్క హాథార్నేనా?" అని అడిగింది.

"మేం వైట్‌థార్న్ అంటాం. రెండూ ఒకటే." నూలా వెనక్కి తిరిగి చూసింది. ఆ అమ్మాయి తనంతట తను ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. "ఎందుకమ్మా?"

"ఒకాయన అడిగిండు," అనబోయి తెలుగులో అంటున్నానని గుర్తొచ్చి, ఇంగ్లీషులో చెప్పింది.

మంగళవారం మధ్యాహ్నం కృపారావు ఇంటికి వెళ్ళింది. ఏడాదిగా పరిచయమున్నా ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆయన హాల్లో యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆమె కూర్చోకుండానే చెప్పేసింది. ఫాయిల్ సంగతి, మలుపు సంగతి, జర్నల్ సంగతి, అక్టోబర్ సంగతి. ఆయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ప్లగ్గు తీశాడు.

"అంటే నా వల్ల నీ పేపరు పోయిందా?"

"మీ వల్ల గాదు అంకుల్. అది వానకు తట్టుకునేటట్టే చేసింది. నేను ఒక్క మాట చెప్పాల్సుండె. చెప్పలే."

"ఎప్పుడు చెప్తావమ్మా? చెప్పేంతసేపు నువ్వు నా కారు దగ్గర నిలబడిందెప్పుడు?" గొంతులో కోపం లేదు, కానీ మాట సూటిగానే తగిలింది. "నిజం చెప్తన్నా. ఆ కాగితం చూసి నేనెందుకు ఫోన్ చేశానో తెలుసా? ఇంట్లో మాట్లాడే మనిషి లేక. శనివారం పూట తెలుగుపిల్లతో నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు గదా అని. తీరా వస్తే, నీ కారు నీది, నా కారు నాది. ఫోన్లో గో, స్టాప్. మా పక్కింటాయన వాళ్ళ కుక్కకి కూడా ఇంకో రెండు మాటలు ఎక్కువ చెప్తాడు."

ఆశ్రితకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. "సారీ అంకుల్."

"సారీ ఎందుకులే. కూర్చో ముందు." ఆయనే ఎదురుగా కూర్చున్నాడు. "ఇది చెప్పకపోతే ఎవరికన్నా తెలిసిద్దా?"

"తెల్వదు."

"మరి?"

"రెండో ఆయన ఒకడున్నడు అంకుల్. నేను రాసింది మొత్తం చదివిండు. ప్రతి అక్షరం. ఆయనకు చెప్పకుంట ఉండలేను."

"ఎవరాయన?"

"తెల్వదు."

"ఏ ఊరు?"

"తెల్వదు. వాళ్ళు చెప్పరు."

"పేరు తెలీదు, ఊరు తెలీదు. ఆయన కోసం ఉద్యోగం వదులుకుంటావా?" కృపారావు లేచి, వంటగదిలోకి వెళ్ళి పప్పు వేడి చేశాడు. "తిను. మళ్ళీ వాన ఎప్పుడొస్తే అప్పుడు ఫోన్ చెయ్యి. డ్యూటీ దిగి వచ్చేస్తా. ఈసారి నీ సామాను నానిపోయినా ముట్టుకోను."

గురువారం వచ్చింది వాన. ఆయన రాత్రి డ్యూటీ యూనిఫారంతోనే వచ్చాడు. ఆశ్రిత ఈసారి ఆయన కారు దగ్గరే నిలబడి అన్నీ చూపించింది. ఇది తీగ, ఇది పెట్టె, ఈ నల్లది నీళ్ళలో ముంచినా ఏమీ కాదు. ఆయన తల ఊపాడు. అయినా దారి మొదట్లో ఆగినప్పుడు, ఆమె దిగి వెనక్కి వెళ్ళి చూస్తే, ఆయన కారు పక్కన గొడుగు లేకుండా నిలబడి యాంటెన్నా తడవడం చూస్తున్నాడు. రోగిని వరండాలో వదిలేసి వచ్చినవాడిలా చేతులు నలుపుకుంటున్నాడు.

"కూర్చోండి అంకుల్. దానికేం గాదు."

"తెలుసులే. అయినా చూడలేకపోతన్నా."

ఆరుసార్లు తిరిగారు. మలుపు దగ్గర తొంభై రెండు.

ఎండరోజుకీ వానరోజుకీ తేడా లేదు. గోడలు తడిసి నల్లబడ్డాయి, కంచె ఆకుల నుంచి ధారలు కడుతున్నాయి, ఆ మధ్యలోంచి రెండు పాతకార్లు ఒకదానితో ఒకటి చక్కగా మాట్లాడుకున్నాయి. ఆశ్రిత స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయింది. రెండేళ్ళ పనిలో ఆమె కనిపెట్టింది ఏమిటంటే, వానకు ఏమీ కాదని.

ఆ సాయంత్రం పాత జవాబు తీసేసి కొత్త ఉత్తరం రాసింది. జరిగింది జరిగినట్టు. వానరోజు కొలతలు చెల్లవనీ, తప్పు తనదేననీ, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాననీ. చివర ఒక వాక్యం చేర్చింది. ‘వీలైతే ఈ మాట రెండో సమీక్షకుడికి అందజేయండి. అవును, ఆ కంచె హాథార్నే.’

పంపే ముందు మర్నాడు డొనాల్ గదికి వెళ్ళి చూపించింది. ఆయన చదివి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఫెయిర్ ప్లే టు యూ," అన్నాడు చివరికి. మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు. "వానకు ఏమీ కాదన్నది కూడా ఫలితమే. చిన్న వ్యాసంగా రాయి. కానీ ఆశ్రితా, అక్టోబర్ గురించి నేను మాట ఇవ్వలేను. దరఖాస్తు ఈ వారమే వెళ్ళాలి."

"తెలుసు."

"ఫాయిల్ చుట్టాడా?" అన్నాడు మళ్ళీ, నమ్మలేనట్టు.

"తడుస్తుందని."



సంపాదకుడి జవాబు నాలుగు రోజులకు వచ్చింది. నిజాయితీకి ధన్యవాదాలు, వ్యాసాన్ని ఉపసంహరించాం, కొత్త కొలతలతో రాస్తే కొత్తదిగానే పరిశీలిస్తాం, సమీక్షకులను ఈ బాధ్యత నుంచి విడుదల చేశాం. విడుదల చేశాం అన్నచోట ఆమె ఆగిపోయింది. అంటే ఆయన ఇక లేడు. ఆ ఆఖరి వాక్యం ఆయనకు చేరిందో లేదో ఉత్తరంలో లేదు. జూలై అంతా, ఆగస్టు అంతా, రోజూ పొద్దున లేవగానే, ఆయన మాట ఏదైనా వచ్చిందేమోనని మెయిల్ చూసుకుంది. రాలేదు.

దరఖాస్తులో డొనాల్ ఇంకొకరి పేరు రాశాడు. ఆ సంగతి ఆయనే పిలిచి చెప్పాడు, తల దించుకుని చెప్పాడు. ఆశ్రిత సరేనంది.

చిన్న వ్యాసానికి మరొక్క ఎండరోజు కొలతలు తక్కువయ్యాయి. సెప్టెంబర్ ఆఖరి శనివారం అది కూడా అయిపోయింది. కంచె నిండా ఎర్రటి కాయలు. పని అయ్యాక మలుపు దగ్గరే కార్లు ఆపి, గోడ మీద కూర్చుని ఇద్దరూ చపాతీలు తిన్నారు.

"కొత్త పేపర్లో ఫాయిల్ సంగతి రాశావా?" అడిగాడు కృపారావు.

"రాసిన. మూడో భాగంల."

"చపాతీలని రాశావా?"

"లేదు. ఆహారం చుట్టే రేకు అని రాసిన."

"పోన్లే, పరువు నిలబెట్టావు." ఆయన ఫాయిల్ నలిపి ఉండ చేసి జేబులో వేసుకున్నాడు. "మీ ఆంటీ కోడి వేపుడు చేసినరోజు జరిగుంటే దేశదేశాల్లో నవ్వేవాళ్ళు."

"మీ పేరు గూడ రాసిన. రెండో కారు నడిపింది మీరని."

ఆయన చేయి తుడుచుకుని, గోడ మీది నాచును గోటితో గీకాడు. "ఇక వచ్చే శనివారం ఏం లేదన్నమాట."

"లేదంకుల్. వచ్చే నెలాఖరుకు గది ఖాళీ చేస్త."

"అప్పుడప్పుడు ఫోన్ చెయ్యి. ఒట్టి గో, స్టాప్ కాదు."

"చేస్త."

ఎన్నిస్ దాకా ఎప్పటిలాగే వెళ్ళారు. ముందు ఆమె, వెనక ఆయన. పరికరాలు ఆ రోజే లిమరిక్‌లో లాబుకు అప్పజెప్పాలి. ఊళ్ళో ఆపి ఆయన పెట్టె, యాంటెన్నా తీసుకోవాల్సింది. ఆశ్రిత ఆపలేదు. రేపు మళ్ళీ వచ్చి తీసుకుంటానని, బయలుదేరే ముందే ‘గో’కి బదులు నాలుగు వాక్యాల మెసేజ్ పెట్టింది, జాగ్రత్తగా వెళ్ళమని కూడా రాసింది. పక్క సీట్లో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. లెక్క అయిపోయినా దాన్ని ఆపలేదు. ఆయన కారు సెకనుకు పదిసార్లు చెబుతూనే ఉంది, ఇక్కడున్నాను, ఇక్కడున్నాను.

ఊరి బయట రౌండెబౌట్ దగ్గర ఆయన లైట్లు రెండుసార్లు వెలిగించి ఎడమకు తిరిగాడు. ఆమె నేరుగా లిమరిక్ రోడ్డు ఎక్కింది. ముందు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్కకు చూసింది. నూటికి తొంభై ఎనిమిది అందుతున్నాయి. ఆకుపచ్చ దీపం పడింది. మళ్ళీ ఆగినప్పుడు అరవై. మధ్యలో ఇళ్ళు, ఒక చర్చి, ఒక స్కూలు. పెట్రోలు బంకు దాటాక ముప్పై ఒకటి. ఆ అంకె మీద ఆమె చూపు ఒక క్షణం నిలిచింది. తర్వాత పన్నెండు, నాలుగు. హైవే ఎక్కే చోట సున్నా అయింది.

ఆశ్రిత ల్యాప్‌టాప్ మూయలేదు. లిమరిక్ చేరేదాకా, వినేవాళ్ళు లేని ఆ దారిలో, ఆమె కారు సెకనుకు పదిసార్లు తన సంగతి తను చెబుతూనే పోయింది.